సేవాధారిత సాఫ్ట్‌వేర్ నిర్మాణం: వాగ్దానం, వాస్తవం

'సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్'ను తెలుగులో సేవాధారిత నిర్మాణం అనవచ్చు. చిరునామా సరిచూడడం, రుణార్హత నిర్ణయించడం వంటి పనులను విడివిడి సేవలుగా రూపొందించి, అవసరమైన ప్రతి ప్రోగ్రామూ వాటిని నెట్‌వర్క్ ద్వారా వాడుకొనేటట్లు చేయడం దీని మూలసూత్రం. 1996లో గార్ట్‌నర్ విశ్లేషకులు ప్రతిపాదించిన ఈ భావనకు, 2000 ప్రాంతంలో సోప్, డబ్ల్యుఎస్‌డిఎల్ ప్రమాణాలు రావడంతో విపరీతమైన ప్రచారం లభించింది.

ఆ ప్రచారం ఎంతవరకు వెళ్ళిందో గ్రహించడానికి యుడిడిఐ చరిత్ర ఒక్కటి చాలు. ఇది 2000లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, అరిబా సంస్థలు ప్రకటించిన సేవల సూచిక. ఒక సంస్థ ప్రోగ్రాము ఈ సూచికలో వెతికి, మునుపెరుగని మరో సంస్థ సేవను తానే కనుగొని వాడుకొంటుందని ఆశించారు. ముక్కూ మొహం తెలియనివారితో వ్యాపారం చేసేముందు ధర, పూచీ మాట్లాడుకోవాలన్న సంగతి ఆ ఉత్సాహంలో మరుగున పడింది. 2006 జనవరిలో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, శాప్ తమ బహిరంగ సూచికలను మూసివేశాయి. 2009లో బర్టన్ గ్రూప్ విశ్లేషకురాలు ఆన్ థామస్ మేన్స్ ఈ నిర్మాణం మరణించిందని ప్రకటించారు. సేవల అవసరం మాత్రం తీరలేదని కూడా ఆమె అన్నారు. ఈ రెండో మాటనూ గుర్తుంచుకోవాలి.

లోపం ఎక్కడుంది? వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని మన ప్రాచీనులు చెప్పారు. 'నిప్పుతో తడుపుతున్నాడు' అన్నప్పుడు విభక్తి సరిగానే ఉంది, యోగ్యత లేదు. డబ్ల్యుఎస్‌డిఎల్ కూడా సందేశపు రూపాన్నే నిర్దేశిస్తుంది, అర్థాన్ని కాదు. ఒక బ్యాంకును ఊహించుకొందాం. ఉమ్మడి ఖాతాలోని దంపతులను పొదుపు విభాగం ఒకే ఖాతాదారుగా, రుణ విభాగం ఇద్దరుగా లెక్కిస్తాయి. పొదుపు విభాగం అందించే 'ఖాతాదారు వివరాల' సేవ సాంకేతికంగా ఏ దోషమూ లేకుండా పనిచేస్తుంది. భార్య పేరిట ఉన్న బాకీ మాత్రం రుణ నిర్ణయంలో కనిపించదు. ఏ మిడిల్‌వేరూ ఈ చిక్కును విప్పలేదు. రెండు విభాగాలవారూ కూర్చుని 'ఖాతాదారు' అంటే ఎవరో తేల్చుకోవాలి. నెలల కాలం పట్టేది ఇక్కడే. అమ్మకందారుల కరపత్రాలు దాటవేసేదీ దీనినే.

అలాగని ఇదంతా ఆర్భాటమే అనలేం. దశాబ్దాల నాటి మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాములను తిరగరాయకుండా, వాటికి సేవారూపం తొడిగి కొత్త అవసరాలకు వాడుకోవడం ఈ పద్ధతి సాధించిన నిజమైన ప్రయోజనం.

2014 నుంచి మైక్రోసర్వీసుల పేరు మారుమోగుతున్నది. ఇందులో మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ బరువు తగ్గింది. సేవలు చిన్నవై వాటి సంఖ్య పెరిగింది. అర్థం కుదుర్చుకోవలసిన సరిహద్దులూ అంతే పెరిగాయి.