ఇంటి బీమాలో నేది చేరును, ఏది చేరదు

2024వ సంవత్సరము సెప్టెంబరు మాసారంభమున బుడమేరు పొంగి, విజయవాడలో సింగునగరము మొదలగు ప్రాంతములు దినముల తరబడి నీటిలో నుండెను. అట్టి వరద తీసినపిమ్మట తడిసిన పరుపులు, ఉబ్బిన బల్లలు, బురద నిండిన మిక్సీలు వీధిలో పాఱవైచి యిల్లు కడుగుకొనవలెనని యే యిల్లాలికైనను తోచును. కాని బీమా యున్న యింటివారి కీ తొందర నష్టకరము. సర్వేయరు వచ్చి చూచువఱకు ఆ పాడైన వస్తువులే సాక్ష్యము గదా!

మన దేశమున 2021 ఏప్రిలు 1వ తేదీనుండి “భారత్ గృహరక్ష” యను పాలసీ యమలులో నున్నది. అగ్ని, పిడుగు, తుపాను, వరద, భూకంపము, అల్లరులు, నీటితొట్టి పగులుట మొదలగువానివలని నష్టము దీనిలో చేరును. ఇట్టి యాపద కలిగిన 7 దినములలోపల, దాని మూలముగనే దొంగలు పడినచో ఆ నష్టమును చేరును. ఉత్త దొంగతనము చేరదు. దానికి వేఱు బీమా కలదు.

నీటి విషయముననే పెక్కు వివాదములు పుట్టును. వరద నీరు గోడను కూల్చినచో సొమ్ము వచ్చును. ఏండ్ల తరబడి చెమ్మ యూరి సున్నము రాలినచో రాదు. అది యఱుగుదల క్రింద లెక్క.

బీమా మొత్తము కట్టడపు ఖర్చునుబట్టియే కాని స్థలపు ధరనుబట్టి కాదు. స్థలము 30 లక్షలు, కట్టడము 20 లక్షలు చేయు నింటికి 20 లక్షలకే బీమా. కట్టడముతోబాటు ఇంటి సామగ్రికి గూడ, ఆ మొత్తములో నూటికి 20 వంతులు, 10 లక్షల రూపాయలు మించకుండ, రక్షణ తనంతట లభించును. మన నగలు మాత్ర మా సామగ్రిలో చేరవు! వానిని వేఱుగ వ్రాయించి అదనపు సొమ్ము చెల్లింపవలెను. అద్దె యింటివారు సామగ్రికి మాత్రమే బీమా చేయించుకొనవచ్చును.

ఇంకొక భ్రమ కలదు. గృహఋణము తీసికొన్ననాడు బ్యాంకులో ఏదో బీమా కట్టితిమి గనుక ఇంటికి భయము లేదని పలువురు తలతురు. అది ఋణము తీసికొన్నవారి ప్రాణమునకు చేసిన బీమా కావచ్చును. అట్లయినచో గోడ కూలినను దమ్మిడీ రాదు. ఆ కాగితము నీ దినమే తీసి చూడుడు.

నష్టము కలిగినపుడు వెంటనే సంస్థకు తెలుపుడు. కడుగుటకు ముందే ప్రతి గదికి, ప్రతి వస్తువునకు ఫోనుతో ఛాయాచిత్రములు తీయుడు. కుళ్లిన బియ్యము, పప్పులు దాచనక్కఱలేదు. చిత్రము తీసి పాఱవేయుడు. బాగుచేయించిన రసీదులు భద్రపఱుపుడు. సంస్థవారి నిర్ణయ మన్యాయమని తోచినచో మొదట వారికే వ్రాసి, పిదప హైదరాబాదునందలి బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు రుసుము లేకుండ ఫిర్యాదు చేయవచ్చును.

ఇంతకు నా పాలసీ కాగిత మెక్కడ నున్నది? చాలమంది యిండ్లలో బీరువా క్రింది యఱలో, చీరల యడుగున. నీరు మొదట చేరు చోటది. దాని చిత్రమొకటి తీసి, వేఱూరనున్న అక్కకో చెల్లెలికో ఫోనులో పంపియుంచుడు.