విమానం మీద హైదరాబాద్ పేరు

శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో విమానం చప్పుడు కొత్త కాదు. చేలో కలుపు తీసే ఆడవాళ్లు తల ఎత్తి కూడా చూడరు. ఇక్కడి విమానాశ్రయం 2008లో మొదలయింది. దానికి దాదాపు 5,500 ఎకరాల భూమి తీసుకున్నారు. రైతుల పొలాలు ఎన్నో అందులో పోయాయి.

అయితే అంతకు తొంభై ఏండ్ల ముందే హైదరాబాద్ పేరు రాసిన విమానాలు ఆకాశంలో ఎగిరాయి. ఇక్కడ కాదు. సముద్రాలు దాటి, ఫ్రాన్స్, జర్మనీ దేశాల మీద ఎగిరాయి. అంత దూరాన ఈ పేరు ఎట్లా చేరింది?

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయింది. ఇంగ్లండు ఒక వైపు, జర్మనీ ఇంకో వైపు. అప్పుడు హైదరాబాద్ రాజ్యాన్ని ఏలేది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన యుద్ధం ఖర్చు కోసం ఇంగ్లీషు వాళ్లకు చాలా సొమ్ము ఇచ్చాడు. ఆ సొమ్ముతో ఒక దళానికి విమానాలు వచ్చాయి. ఆ దళం పేరు 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్. ఇవి నిజాం ఇచ్చిన కానుక అని విమానాల మీద ఇంగ్లీషులో రాశారు.

ఆ విమానాలు ఇప్పటి వాటి లాగా ఉండవు. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు. నడుమ కర్ర గుంజలు. గుంజల మధ్య తీగలు లాగి బిగించేవాళ్లు. నులక మంచం బిగిస్తే గట్టిపడుతుంది కదా, అట్లా అన్నమాట. రెక్కల లోపలంతా కర్ర చట్రం. దాని మీద నార బట్ట. ఆ బట్టను కుట్టే పని ఇంగ్లండు కర్మాగారాల్లో ఎంతోమంది ఆడవాళ్లు చేశారు. బట్ట బిగుసుకోవడానికి ఒక రకం వార్నిషు పూసేవాళ్లు. యుద్ధం మొదటి ఏండ్లలో ఆ వార్నిషు వాసన పీల్చి కొందరు జబ్బు పడ్డారు. చచ్చిపోయిన వాళ్లూ ఉన్నారు.

విమానంలో ఇద్దరే ఉంటారు. ముందు నడిపేవాడు. వెనక తుపాకి పట్టుకున్నవాడు. తల మీద కప్పు లేదు. చలిగాలి మొహానికి కొట్టేది.

1918 సెప్టెంబరులో హైదరాబాద్ దళం జర్మనీ మీద బాంబులు వేయడం మొదలుపెట్టింది. నవంబరు 11న యుద్ధం ఆగింది. ఆ రెండు నెలల్లోనే 17 విమానాలు దాడులలో పోయాయి. అక్టోబరు 5న ఒక విమానం జర్మన్ల చేతికి చిక్కింది. అందులో ఉన్న ఇద్దరూ ఖైదీలయ్యారు. ఆ విమానాన్ని జర్మన్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో అది పోలండుకు చేరింది. 1977లో ఇంగ్లండు వాళ్లు వేరే పాత విమానం ఒకటి ఇచ్చి దీన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడది లండన్‌లో విమానాల మ్యూజియంలో ఉంది.

యుద్ధం అయిపోయినా ఈ రకం విమానాలకు పని తగ్గలేదు. ఇంగ్లీషు వాళ్లు వాటిని ఇరాక్ ఎడారికి పంపారు. ఎడారిలో చెట్టు లేదు, పుట్ట లేదు. దారి గుర్తుపట్టడం కష్టం. 1921లో కైరో నుండి బాగ్దాద్‌కు విమానాలు నడపడానికి ఇసుక నేల మీద దారి గుర్తులు వేశారు. కొన్ని చోట్ల నాగలితో చాలు దున్నారు. పైనుండి ఆ చాలును చూసుకుంటూ పోయేవాళ్లు. ఇంజను ఆగితే ఎడారిలో దిగాలి. అందుకని తాగే నీళ్లు, ఒక చక్రం వెంట పెట్టుకునేవాళ్లు.

అక్కడ ఆ విమానాలు ఎవరి మీద బాంబులు వేశాయి? ఇంగ్లీషు పాలన మాకొద్దని 1920లో ఇరాక్ జనం తిరగబడ్డారు. వాళ్ల ఊళ్ల మీద వేశాయి. ఆ తర్వాత పన్ను కట్టని ఊళ్ల మీద కూడా బాంబులు పడ్డాయి. ఇండ్లు కూలాయి. పశువులు చచ్చాయి. ఆడవాళ్లూ పిల్లలూ చచ్చిపోయారు.

ఇక హైదరాబాద్ సంగతి. నిజాం దగ్గరి సొమ్ము ఎక్కడిది? సర్కారు ఖజానాకైనా, నిజాం సొంత భూములకైనా పెద్ద రాబడి రైతులు కట్టే శిస్తే. నాట్లు వేసిన చేతులు, కోత కోసిన చేతులు ఆ శిస్తు వెనక ఉన్నాయి. 1918లో ఈ దేశంలో చాలా చోట్ల వానలు లేవు. ఆ ఏడే ఇన్‌ఫ్లుయెంజా జ్వరం వచ్చి దేశంలో కోటి మందికి పైగా చచ్చిపోయారు. జర్మనీ మీద హైదరాబాద్ విమానాలు ఎగిరింది కూడా అప్పుడే.

విమానం మీద నిజాం పేరు ఉంది. నడిపిన వాళ్ల పేర్లు దస్త్రాల్లో ఉన్నాయి. రెక్కలకు బట్ట కుట్టిన ఆడవాళ్ల పేర్లు దాని మీద లేవు. శిస్తు కట్టిన రైతుల పేర్లు లేవు. బాంబులు పడ్డ ఊళ్ల పేర్లు లేవు.

కానుక ఇచ్చింది ఎవరు? దాని ఖర్చు మోసింది ఎవరు? మీ గుంపులో మాట్లాడుకోండి.