1950 వరల్డ్ కప్‌ను భారత్ వదులుకున్నది బూట్లు లేకేనా?

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ వచ్చినప్పుడల్లా మన దగ్గర ఒక కథ వినిపిస్తుంది. 1950లో బ్రెజిల్ టోర్నీకి భారత్ ఎంపికైందని, బూట్లు లేకుండా ఆడేందుకు ఫిఫా ఒప్పుకోకపోవడంతో వెళ్లలేదని.

ఎంపికైన మాట నిజమే. అర్హత గ్రూపులో ఫిలిప్పీన్స్, ఇండోనేసియా, బర్మా తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే భారత్‌కు చోటు దక్కింది. ఇటలీ, స్వీడన్, పరాగ్వే ఉన్న గ్రూపులో వేశారు కూడా. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లలో చాలామంది ఒట్టికాళ్లతో ఆడి, ఫ్రాన్స్ చేతిలో 1-2తో ఓడిపోయారన్నదీ నిజమే.

అయితే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అప్పట్లో చెప్పిన కారణాలు వేరు: జట్టు ఎంపికపై విభేదాలు, సాధనకు సమయం చాలకపోవడం. తమకు ఒలింపిక్సే సర్వస్వమని, వరల్డ్ కప్ గురించి పెద్దగా తెలియదని నాటి ఆటగాడు శైలేన్ మన్నా తర్వాతి కాలంలో చెప్పారు.

నిజానికి 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లోనూ మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే దిగారు. యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడాకే బూట్లు తప్పనిసరయ్యాయి.

బూట్ల కథ నెపాన్ని పేదరికం మీదకు నెడుతుంది. అసలు లోపం అవకాశం విలువ తెలియని నిర్వాహకులది. ఆ తర్వాత భారత పురుషుల జట్టుకు మళ్లీ ఆ చోటు దక్కలేదు.