కమాండ్ ప్రతిక్షేపణ: ఒక ఆదేశం ఫలితాన్ని మరో ఆదేశంలో వాడటం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- కమాండ్ ప్రతిక్షేపణ ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు;
- దాని రెండు రూపాలకు గల తేడాను చెప్పగలుగుతారు;
- కొటేషన్ గుర్తులు పెట్టకపోతే కలిగే నష్టాన్ని ముందే గుర్తించగలుగుతారు.

గమనిక: ఇక్కడ ఆదేశాల పేర్లను, చలరాశుల పేర్లను తెలుగు లిపిలో ముద్రించాం. కంప్యూటరులో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి. లినక్స్‌లో ఫైళ్ల పేర్లను మాత్రం తెలుగులోనే పెట్టుకోవచ్చు.

1. పరిచయం

సమీకరణంలో అక్షరం ఉన్నచోట దాని విలువను రాయడాన్ని ప్రతిక్షేపించడం అంటారని పాఠశాల గణితంలో చదివారు. యునిక్స్ షెల్ కూడా ఇటువంటి పనే చేస్తుంది. ఈ ఆదేశాన్ని చూడండి:

ఎకో "ఈ రోజు: $(డేట్)"

షెల్ ముందుగా బ్రాకెట్లలోని డేట్ ఆదేశాన్ని నడుపుతుంది. అది తెరపై చూపవలసిన తేదీని తాను తీసుకొని, $(డేట్) ఉన్నచోట ఉంచుతుంది. ఆ తరవాతే ఎకో నడుస్తుంది. లోపలి ఆదేశం ఒక ఉపషెల్‌లో నడుస్తుంది. కాబట్టి అక్కడ డైరెక్టరీ మార్చినా, చలరాశి విలువ మార్చినా బయటి షెల్‌పై ప్రభావం ఉండదు.

వినడానికి ఇది తేలిక. కాని దీన్ని రూపొందించినవారు మూడు ప్రశ్నలకు జవాబు నిర్ణయించవలసి వచ్చింది. లోపలి ఆదేశం ఎక్కడ ముగుస్తుంది? వచ్చిన పాఠాన్ని ఎన్ని పదాలుగా లెక్కించాలి? లోపలి ఆదేశం విఫలమైతే ఏం చేయాలి?

2. మొదలు, ముగింపు

బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యునిక్స్ ఏడవ కూర్పుతో వెలువడింది. అందులో ప్రతిక్షేపణకు వెనక్కి వాలిన కొటేషన్ గుర్తును వాడారు: `డేట్`. సాధారణ కీబోర్డుపై ఇది ఎస్కేప్ కీ కింద ఉంటుంది.

ఇక్కడ తెరిచే గుర్తు, మూసే గుర్తు ఒకటే. ఒక ప్రతిక్షేపణలో మరొకటి ఇమడ్చవలసి వస్తే, రెండోసారి కనిపించిన గుర్తు కొత్తదాన్ని తెరుస్తోందో, పాతదాన్ని మూస్తోందో షెల్‌కు తెలియదు. అందుకని లోపలి గుర్తుల ముందు \ రాయాలి. ఇంకో అంతస్తు లోపలికి వెళ్తే ఆ \ లు మరిన్ని అవుతాయి.

1980లలో అదే బెల్ ల్యాబ్స్‌లో డేవిడ్ కార్న్ రూపొందించిన కార్న్ షెల్‌లో $( ) రూపం వచ్చింది. తెరిచే గుర్తు వేరు, మూసే గుర్తు వేరు కావడంతో ఎన్ని అంతస్తులైనా తికమక లేకుండా రాయవచ్చు. 1992 నాటి పోసిక్స్ షెల్ ప్రమాణం రెండు రూపాలనూ అంగీకరించింది. మీరు కొత్తగా రాసే స్క్రిప్టులలో $( ) మాత్రమే వాడండి.

3. ఒక పదమా, రెండు పదాలా?

ఆదేశాల ఫలితం సాధారణంగా కొత్త పంక్తి గుర్తుతో ముగుస్తుంది. షెల్ చివరనున్న అలాంటి గుర్తులన్నిటినీ తీసేస్తుంది. మధ్యలో ఉన్నవాటిని ఉంచుతుంది. ఆ తరవాత, ప్రతిక్షేపణ చుట్టూ జంట కొటేషన్లు లేకపోతే, ఖాళీ, టాబ్, కొత్త పంక్తి ఉన్న ప్రతిచోటా పాఠాన్ని విడగొడుతుంది. ఇలా వచ్చిన పదాలలో * వంటి గుర్తు ఉంటే దాన్ని ఫైళ్ల పేర్లుగా విస్తరిస్తుంది కూడా.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ ద్వారా చూద్దాం. హాలియాలో మీరు ఒక కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నారనుకోండి. మండలానికొక ఫైలు చొప్పున రైతుల ధాన్యం లెక్కలు దాచారు: అనుముల, పెద్దవూర, నిడమనూరు, తిరుమలగిరి, తిరుమలగిరి సాగర్. చివరి రెండూ వేర్వేరు మండలాలు. మొదటిది సూర్యాపేట జిల్లాలోది, రెండోది నల్లగొండ జిల్లాలోది. ఇప్పుడు "తొలగించు" అనే ఫైలులో "తిరుమలగిరి సాగర్" అనే ఒక్క పంక్తి రాసి ఇలా ఆదేశించారు:

ఆర్‌ఎమ్ $(క్యాట్ తొలగించు)

షెల్ ఆ పేరును రెండు పదాలుగా విడగొడుతుంది. దాంతో ఆర్‌ఎమ్ మీరు ఉంచుకోదలచిన "తిరుమలగిరి" ఫైలును చెరిపేస్తుంది. తరవాత "సాగర్" అనే ఫైలు లేదని చెబుతుంది. తీసేయదలచిన ఫైలు అలాగే ఉంటుంది. తెరపై కనిపించేది "సాగర్" గురించిన సందేశం మాత్రమే. పోయిన ఫైలు గురించి ఒక్క మాటా ఉండదు. ఆర్‌ఎమ్ చెరిపిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్లదు కనుక వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

జంట కొటేషన్లు పెడితే పేరంతా ఒకే పదంగా ఉంటుంది:

ఆర్‌ఎమ్ "$(క్యాట్ తొలగించు)"

మరి ఇలా విడగొట్టే నియమం ఎందుకు పెట్టారు? జాబితాలో ఖాళీలు లేని అయిదు పేర్లుంటే, అవి అయిదు పదాలుగా విడిపోవడమే మనకు కావాలి. ఏడవ కూర్పులో ఫైలు పేరుకు 14 బైట్లే పరిమితి. పొట్టి పేర్లలో ఖాళీలు అరుదు. నేటి యూనికోడ్ యుటిఎఫ్-8 పద్ధతిలో "తిరుమలగిరి" అనే పేరుకే 30 బైట్లు కావాలి. పరిస్థితి మారింది, నియమం మారలేదు.

4. జాబితా వచ్చినప్పుడు

"తొలగించు" ఫైలులో అనేక పంక్తులుంటే కొటేషన్లు కూడా చాలవు. జాబితా మొత్తం ఒకే పొడవైన పేరుగా మారి, అటువంటి ఫైలు లేదని ఆర్‌ఎమ్ చెబుతుంది. అప్పుడు పంక్తి తరవాత పంక్తిగా చదవాలి:

వైల్ ఐఎఫ్‌ఎస్= రీడ్ -ఆర్ పేరు; డూ ఆర్‌ఎమ్ "$పేరు"; డన్ < తొలగించు

ఫిష్ అనే షెల్ రూపకర్తలు మరో దారి ఎంచుకొన్నారు. అందులో ప్రతిక్షేపణ ఫలితం కొత్త పంక్తుల దగ్గర మాత్రమే విడిపోతుంది. ఖాళీల దగ్గర విడిపోదు.

5. లోపలి ఆదేశం విఫలమైతే

సీడీ $(క్యాట్ చోటు) && ఆర్‌ఎమ్ *

ఇక్కడ "చోటు" అనే ఫైలు లేదనుకోండి. క్యాట్ విఫలమై, ప్రతిక్షేపణ ఫలితం ఖాళీ అవుతుంది. డైరెక్టరీ పేరు ఇవ్వని సీడీ మిమ్మల్ని మీ హోమ్ డైరెక్టరీకి తీసుకుపోతుంది. అది సీడీకి విజయమే. కాబట్టి ఆర్‌ఎమ్ మీ హోమ్ డైరెక్టరీలోని ఫైళ్లను చెరిపేస్తుంది. క్యాట్ వైఫల్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఫలితాన్ని ముందు చలరాశిలో ఉంచితే, లోపలి ఆదేశం విజయమో వైఫల్యమో షెల్ మనకు తెలుపుతుంది:

దారి=$(క్యాట్ చోటు) && [ -ఎన్ "$దారి" ] && సీడీ "$దారి" && ఆర్‌ఎమ్ *

ఇందులో -ఎన్ అనేది విలువ ఖాళీగా లేదని సరిచూస్తుంది. ఏ మెట్టు విఫలమైనా ఆర్‌ఎమ్ నడవదు.

సారాంశం

ఆదేశం ఇచ్చేది పాఠం. షెల్‌కు కావలసినవి పదాలు. ఆ పాఠాన్ని ఎక్కడ విడగొట్టాలో మీరు చెప్పకపోతే షెల్ తన పాత నియమం ప్రకారం నిర్ణయిస్తుంది. కాబట్టి $( ) రూపాన్నే వాడండి, దాని చుట్టూ జంట కొటేషన్లు పెట్టండి. చెరిపే పని ఉన్నప్పుడు ఆర్‌ఎమ్ స్థానంలో ముందు ఎకో రాసి, వచ్చే పేర్లను కళ్లతో సరిచూసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. `డేట్`, $(డేట్) రూపాలలో ఒకదానిలో మరొకటి ఇమడ్చడానికి ఏది అనువైనది? ఎందుకు?
2. పై ఉదాహరణలో "తిరుమలగిరి" ఫైలు ఎందుకు పోయింది?
3. ప్రతిక్షేపణ ఫలితాన్ని ముందు చలరాశిలో ఉంచడం వల్ల ప్రయోజనమేమిటి?