మీకు తెలుసా? బల్బు స్విచ్ వేయగానే ఎందుకు మాడిపోతుంది?

పాతకాలపు ఫిలమెంట్ బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే పోతాయి. కారణం ఓమ్ సూత్రంలో ఉంది: వోల్టేజీని నిరోధంతో భాగిస్తే వచ్చేదే కరెంటు.

230 వోల్టులకు తయారుచేసిన 100 వాట్ల బల్బునే తీసుకోండి. వెలుగుతున్నప్పుడు దాని టంగ్‌స్టన్ తీగ నిరోధం సుమారు 530 ఓములు. పారే కరెంటు అర ఆంపియర్ కూడా ఉండదు. బల్బును హోల్డర్ నుంచి తీసి, పూర్తిగా చల్లారాక మల్టీమీటర్ పెట్టి చూడండి. 40 ఓముల దరిదాపుల్లో చూపిస్తుంది! వేడెక్కేకొద్దీ నిరోధం పెరగడం లోహాల గుణం మరి. అందుకే స్విచ్ వేసిన తొలి క్షణంలో ఐదారు ఆంపియర్లు ఒక్కసారిగా దూకుతాయి. వాడగా వాడగా తీగ ఎక్కడ సన్నబడిందో అక్కడ నిరోధం ఎక్కువ, వేడీ ఎక్కువ. తెగేదీ అక్కడే.

జర్మన్ శాస్త్రవేత్త గేయోర్గ్ ఓమ్ ఈ సూత్రాన్ని 1827లో పుస్తకంగా ప్రచురించాడు. సూత్రం కన్నా ఆయన ప్రయోగం నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. అప్పటి బ్యాటరీల వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. అందుకని బిస్మత్, రాగి కలిపిన అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీటి వేడిలో, రెండోదాన్ని మంచులో ఉంచి, స్థిరమైన వోల్టేజీ రాబట్టి కొలతలు తీశాడు.