విదేశములలో ట్రేడ్‌మార్కు: అపోహలు – వాస్తవములు

గుంటూరునుండి అమెరికాకు ఊరగాయ సీసాలు పంపు వర్తకుడు, తన ట్రేడ్‌మార్కు చెన్నై రిజిస్ట్రీలో నమోదై యున్నది గనుక న్యూజెర్సీ అంగళ్లలో సైతము ఆ పేరు తనదేయని తలచుట సహజమే. కాని చట్టమట్లు తలపదు. ఏ దేశమున నమోదైనదో ఆ హక్కు ఆ దేశపు ఎల్లలు దాటదు. బర్గర్ కింగ్ వంటి పెద్ద సంస్థయే 1971లో ఆస్ట్రేలియాలో అడుగిడబోయి, అడిలైడులోని యొక దుకాణము ఆ పేరు ముందే నమోదు చేయించుకొని యుండుటచే, తన మాతృసంస్థయైన పిల్స్‌బరీవారి అట్లపిండి పేరును కొంచెము సవరించి ‘హంగ్రీ జాక్స్’ అను పేర అంగడి తెరువవలసి వచ్చినది. నేటికి నక్కడ ఆ పేరే.

పేరుప్రఖ్యాతులున్న చాలును, నమోదుతో పనియేమని కొందరందురు. ఇది పూర్తిగా అబద్ధము కాదు: 1996లో వర్ల్‌పూల్ వ్యాజ్యమున మన సుప్రీంకోర్టు ఎల్లలు దాటిన కీర్తిని మన్నించినది. అయితే 1997లో జపానున వెలువడిన ప్రియస్ కారు పేరును 2001 నుండి మన దేశపు విడిభాగముల సంస్థ యొకటి వాడుకొనుచుండగా, ఆనాటికి ఇక్కడ ఆ కారుకు తగినంత ప్రసిద్ధి యున్నట్లు ఋజువు కాలేదని అదే న్యాయస్థానము 2017లో టొయోటాకు ప్రతికూలముగా తీర్పు చెప్పినది. కోర్టులో ఋజువు చేయవలసిన కీర్తిని నమ్ముకొని కూర్చుండుట నా దృష్టిలో వర్తకము కాదు, జూదము.

2013 జులైలో భారతదేశము చేరిన మాడ్రిడ్ ఏర్పాటు ప్రపంచమంతటికి చెల్లు ఒకే ట్రేడ్‌మార్కు నిచ్చునన్నది మరియొక భ్రమ. అర్జీ మాత్రమే ఒకటి. మన రిజిస్ట్రీ ద్వారా జెనీవాలోని అంతర్జాతీయ కార్యాలయమునకు పోయిన ఆ యర్జీని, మనము కోరిన ప్రతి దేశమును తన చట్టముచొప్పున పరీక్షించి త్రోసివేయనువచ్చును. పైగా మొదటి అయిదేండ్లలో ఇచ్చటి మూల నమోదు రద్దయినచో అచ్చటి శాఖలన్నియు కూలును. మూడు మాసములలోగా వానిని ఆయా దేశముల అర్జీలుగా మార్చుకొను వెసులుబాటొకటి మాత్రము కలదు.

అన్నిటికంటె ఎక్కువ నష్టము తెచ్చునది, జెనీవాలో పదేండ్లకొకసారి రుసుము కట్టిన సరిపోవునను నమ్మకము. అమెరికాలో నమోదైన అయిదవ, ఆరవ సంవత్సరముల నడుమ, ఆ మార్కు ఇంకను వాడుకలో నున్నదని ప్రత్యేకముగా ప్రకటన దాఖలు చేయవలెను. గడువు మీరినచో అదనపు రుసుముతో ఆరు మాసములు ఆగుదురు, అటుపై నమోదు రద్దగును. ఈ గడువు అమెరికా నమోదు తేదీనుండియు, జెనీవా గడువు అంతర్జాతీయ నమోదు తేదీనుండియు లెక్కకు వచ్చును గనుక ఒకే మార్కునకు రెండు క్యాలెండర్లు! ప్రకటనతో జతపరచునది అంగడిలో నిజముగా అమ్ముడగు సీసా లేబులు ఫోటో కావలెనే గాని, కంప్యూటరుపై కల్పించిన బొమ్మ చెల్లదు. సరకుల వర్గీకరణలోని 29వ తరగతిలో ఊరగాయలు, 30వ తరగతిలో మసాలాపొడులు నమోదు చేయించుకొని ఊరగాయలనే అమ్ముచున్నవాడు, పొడులను తన నమోదునుండి తొలగింపవలసినదే. చైనాలోనైతే మూడేండ్లు వరుసగా వాడలేదని నమోదు రద్దుకై ఎవ్వరైనను అర్జీ పెట్టవచ్చును. అప్పుడు తేదీలు గల బిల్లులు చూపి వాడుకను నిరూపించు భారము యజమానిదే.