చక్కెర ఒడంబడికయు ప్రవాసాంధ్రులును

మదరాసు రేవునుండి ఫిజీ ద్వీపములకు ఒప్పంద కూలీల వలస 1903లో ఆరంభమై 1916 వఱకు సాగెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువఱకు తిరుత్తణి ప్రాంతము ఉత్తరార్కాడు జిల్లాలోనిది. ఫిజీకి పోయిన దక్షిణాదివారిలో ఆ జిల్లావారు పెక్కుమంది. అంతకు మున్నే, 19వ శతాబ్దమున, కోరంగి మొదలగు రేవులనుండి తెలుగువారు మారిషసు చేరియుండిరి. రెండుచోట్లను వారి జీవనము చెఱకుతో ముడివడినది.

ఒకే సరకు నమ్ముకొన్న దేశమునకు నిలకడయైన ధరయే ప్రాణము. 1951 నాటి కామన్వెల్తు చక్కెర ఒప్పందము ననుసరించి బ్రిటను ఈ దేశముల చక్కెరను ముందుగా కుదిరిన ధరకు కొనుచుండెను. 1973 జనవరి 1న బ్రిటను ఐరోపా ఆర్థిక సమాజమున చేరినది. తన బీటుదుంప రైతుల రక్షణకై ఆ సమాజము వెలుపలి చక్కెరపై హెచ్చు సుంకము విధించుచుండెను. కొనువాడు కూటమిలో చేరగా అమ్మువాని దారి మూసికొనిపోవు ప్రమాదము కలిగెను.

1975 ఫిబ్రవరిలో టోగో రాజధాని లోమేలో కుదిరిన ఒప్పందముతోపాటు చక్కెర ఒడంబడిక ఏర్పడి, ఏటా సుమారు 13 లక్షల టన్నులకు హామీ ధర లభించినది. అందు మారిషసు వంతు సుమారు 4 లక్షల 90 వేల టన్నులు. ఫిజీ వంతు 1 లక్ష 65 వేలు. పెక్కు సంవత్సరములు ఈ ధర ప్రపంచ విపణి ధరకు రెట్టింపుగానో, అంతకు మించియో యుండెను. ఆస్ట్రేలియాకు మాత్రము పూర్వపు వంతు పోయినది.

అయితే హామీ యిచ్చినవాడే దానిని మార్చగలడు. బ్రెజిలు, ఆస్ట్రేలియా, థాయిలాండుల ఫిర్యాదుపై ప్రపంచ వాణిజ్య సంస్థలో 2005లో ఐరోపా ఓడిపోయినది. 2006 మొదలు హామీ ధరను క్రమముగా 36 శాతము తగ్గించిరి. 2009లో ఒడంబడికయే ముగిసినది.

మారిషసు 1970లోనే ఎగుమతి పరిశ్రమలకు ప్రత్యేక చట్టము చేసి, బట్టల తయారీని పెంచెను. పిమ్మట చెఱకు పిప్పితో విద్యుత్తును, శుద్ధిచేసిన చక్కెరను ఉత్పత్తి చేసెను. ఫిజీలో 1987, 2000 సంవత్సరముల తిరుగుబాట్లు సంభవించెను. 1997 మొదలు భారత సంతతి రైతుల కౌలుగడువులు తీరసాగి, పెక్కింటిని పొడిగింపరైరి. 1994లో 5 లక్షల టన్నులు దాటిన చక్కెర ఉత్పత్తి 2010లో 2 లక్షలకు లోపడినది.

కావున వాణిజ్య కూటమి యిచ్చు మేలు ధర శాశ్వత సంపద కాదు. మార్పునకు దొరకిన గడువు మాత్రమే. ప్రభుత్వము నిర్ణయించు ధరపై ఆధారపడి తిరువాలంగాడు సహకార మిల్లునకు చెఱకు తోలు మన రైతులకును ఈ విషయము ఆలోచింపదగినది.